గూగూడు పండగ వార్తల్లో మలీద, పానకం గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది అనంతపురం జిల్లా, నార్పల దగ్గర ఒక పల్లె. మీ పేపర్ మా ఇంటికి చానా ఏళ్ళుగా వస్తోంది, పొద్దున్నే కాఫీతో పాటు జిల్లా పేజీ చూడకపోతే నాకు తోచదు. ఏటా మొహర్రం నెల మొదలైతే చాలు గూగూడు కుళ్ళాయిస్వామి వార్తలు వస్తాయి, చిన్న సరిగెత్తు (చిన్న ఊరేగింపు) అని ఒకరోజు, పెద్ద సరిగెత్తు అని ఒకరోజు, అగ్నిగుండంలో నడిచే ఫోటో, జనం ఎంతమంది వచ్చినారు, స్పెషల్ బస్సులు ఎన్ని వేసినారు, ఏ లీడర్ వచ్చి దర్శనం చేసుకున్నాడు. రాయాల్సిందే, నేను కాదనను. కానీ ఆ పది రోజులూ మా ఇళ్ళల్లో పొయ్యి మీద ఏం ఉడుకుతుందో, ఏది తింటారో ఏది మానేస్తారో, ఎవరింట్లో చేసింది ఎవరి చేతికి పోతుందో ఒక్క ముక్క కూడా ఉండదు. నన్నడిగితే సగం పండగ అక్కడే ఉంది. అది ఏడాదికేడాది తగ్గిపోతా ఉంది, చూస్తా ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, కత్తిరించకుండా వేసుకుంటే సంతోషం.

మా జిల్లా తెలీని వాళ్ళ కోసం ముందు రెండు మాటలు. గూగూడు అనేది నార్పల మండలంలో చిన్న ఊరు. అక్కడ కుళ్ళాయిస్వామి పీరు ఉంది, పీరు అంటే ఇమాం హుసేన్, ఆయన వాళ్ళ గుర్తుగా నిలబెట్టే లోహపు గుర్తు, పక్కనే ఆంజనేయస్వామి గుడి ఉంది, వచ్చినోళ్ళు రెండుచోట్లా దండం పెట్టుకునే పోతారు. మొహర్రం నెలలో జరిగే పండగ కాబట్టి ముస్లింల పండగ అని బయటోళ్ళు అనుకుంటారు గానీ అక్కడ నిలబడి చూస్తే వచ్చే జనంలో ఎక్కువమంది మా లాంటి హిందువుల ఇళ్ళవాళ్ళే. కర్ణాటక నుంచి వస్తారు, తమిళనాడు నుంచి వస్తారు, తెలంగాణ నుంచి కూడా వస్తారు. మా పక్క ఏ ఊర్లో అయినా బడి రిజిస్టర్ తెరిచి చూడండి, కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ, బాబయ్య, ఫకీరప్ప, దస్తగిరి, మస్తానమ్మ, హుసేనప్ప, ఇమామప్ప, ఈ పేర్లు కులంతో మతంతో పనిలేకుండా ఉంటాయి. బిడ్డ బతికితే స్వామి పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న తల్లుల పేర్లు అవి. మా ఇంట్లో కూడా ఒక కుళ్ళాయప్ప ఉన్నాడు, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, ఆఫీసులో పేరు విని అందరూ అడుగుతారంట ఇదేం పేరని, వాడు కూర్చోబెట్టి కథంతా చెప్తాడంట.

ఈ సంప్రదాయం నిన్నా మొన్నా వచ్చింది కాదు. హైదరాబాద్‌లో 1590లలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా బాద్షాహీ ఆషుర్‌ఖానా, అంటే పీర్లు నిలబెట్టే ఇల్లు, కట్టించినాడు, అప్పట్నుంచి దక్కన్ అంతా పీర్లు నిలబెట్టే అలవాటు ఊరూరికీ పాకింది. మా సీమ గోల్కొండ చేతిలో, కడప నవాబుల చేతిలో, హైదర్ టిప్పుల చేతిలో, నిజాం చేతిలో ఉండి 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది, దత్తమండలాలు అన్నది అందుకే. రాజులు మారినా పీర్ల సావిడి మాత్రం ప్రతి ఊర్లో అట్లే నిలబడింది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊర్లల్లో కూడా పీర్లు ఉన్నాయి, అక్కడ హిందువులే పెట్టె తీసి, పీర్లను చింతపండుతో తోమి, దట్టీలు అనే గుడ్డలు కట్టి, ఊదు వేసి నిలబెడతారు, పాతెహా అనే ప్రార్థన చదివేదానికి పక్కూరి నుంచి ముజావర్‌ని, అంటే పీర్ల సేవ చూసే ముస్లిం పెద్దని, పిలిపించుకుంటారు. పెనుకొండ బాబయ్య దర్గా అయినా, కడప పెద్ద దర్గా అయినా మా జనానికి పరాయి చోటు అనిపించదు.

సరే తిండి సంగతికి వస్తా. మొదట చెప్పాల్సింది తినడం గురించి కాదు, మానడం గురించి. నెలవంక కనపడి పీర్లు లేచినాక మొక్కున్నోళ్ళు ఒంటిపొద్దు పడతారు. అంటే రోజుకి ఒక్కపూటే భోజనం, అదికూడా తలకు నీళ్ళు పోసుకుని, స్వామికి మొక్కి తినేది. నీసు ముట్టరు, మందు ముట్టరు, కాలికి చెప్పులు వేసుకోరు, నేల మీద పడుకుంటారు, చేతికో మెడకో ఫకీరు దారం కట్టుకుంటారు. మా ఇంట్లో మొక్కు ఒక్కరికే ఉన్నా ఆ పది రోజులు ఇంట్లో ఎవరికీ కోడి లేదు గుడ్డు లేదు. చిన్నపిల్లలు కూడా అడగరు, స్వామి లేచినాడు అంటే చాలు వాళ్ళకే అర్థమైపోతాది. ఒకపూట తినే ఆ అన్నం కూడా సాదాగా ఉంటాది, కొర్రన్నమో, జొన్నరొట్టెనో, సంగటినో, పప్పో, ఊరిబిండో అంతే. ఏడాదంతా తాగి తిరిగే మనుషులు కూడా ఆ పది రోజులు గ్లాసు ముట్టకుండా ఉండడం మా ఊర్లో ఆడోళ్ళందరూ కళ్ళారా చూసిందే. దీన్ని గురించి ఏ డాక్టరూ ఏ ఆఫీసరూ మాట్లాడరు గానీ మా ఇళ్ళకి అది ఎంత పెద్ద సాయమో మాకు తెలుసు.

తర్వాత చదివింపులు. చక్కెర చదివింపులు అంటే మా పక్క చిన్నపిల్లోనికి కూడా తెలుసు. ఇంటి నుంచి చక్కెరో బెల్లమో, బొరుగులో, పుట్నాల పప్పులో, ఎండు కొబ్బెర చిప్పో తెచ్చి పీర్ల ముందు పెడితే ముజావర్ పాతెహా చదివి, అందులో పిడికెడు తీసుకుని మిగతాది మన ఒళ్ళో పోస్తాడు. నెమలీకల కట్టతో తలమీద తడతాడు, ఊదు బూడిద నుదుట పెడతాడు. అంతటితో అయిపోలేదు, అసలు పని అక్కడ్నుంచే మొదలయ్యేది. ఆ చక్కెర ఇంటికి తెచ్చి ఒక్కరే తినకూడదు. వీధిలో ఉన్న ప్రతి ఇంటికీ పోవాల, ఆ ఏడాది ఏదో గొడవై మాటలు లేని ఇల్లైనా సరే. మా చిన్నప్పుడు మా అవ్వ నా చేతికి గిన్నె ఇచ్చి ముందు మాటల్లేని ఇంటికే పంపించేది, వాళ్ళు చెయ్యి చాపి స్వామి చక్కెర తీసుకోకుండా ఉండలేరు, తీసుకుంటే మాట కలిసినట్టే. పంచాయితీల్లో తెగని గట్టు తగాదాలు కొన్ని ఈ చక్కెరతో సగం చల్లారిన మాట నిజం.

పానకం సంగతి వేరు, అందులో బాధ ఉంది. క్రీస్తుశకం 680లో ఇప్పటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్‌ని, ఆయన వెంట ఉన్న డెబ్బైరెండు మందిని యజీద్ సైన్యమోళ్ళు చుట్టుముట్టి, పక్కనే యూఫ్రటీస్ నది పారుతున్నా మొహర్రం ఏడో రోజు నుంచి నీళ్ళు అందనీకుండా చేసినారు. పసిబిడ్డలు కూడా దప్పికతో అల్లాడినారు. నీళ్ళు తెచ్చేదానికి తోలుసంచి పట్టుకుని పోయిన హుసేన్ తమ్ముడు అబ్బాస్ తిరిగి రాలేదు. మా అవ్వకి చదువు రాదు, ఆమెకి యూఫ్రటీస్ పేరు తెలీదు, అయినా ఈ కథ మొత్తం చెప్పేది, చెప్తా ఏడ్చేది, హసేన్ హుసేన్ అంటే ఆమెకి సొంత మేనల్లుళ్ళ కింద లెక్క. అందుకే మా ఊర్లో పీర్లు ఊరేగుతా ఉంటే ప్రతి ఇంటి ముందు బిందెలతో నీళ్ళు పోస్తారు, బెల్లం పానకం కలిపి మిరియాల పొడి, యాలకులు, కొంచెం సొంటి వేసి కడవల్లో పెట్టి వచ్చినోళ్ళకి వచ్చినట్టు పోస్తారు. దప్పికతో పోయినోళ్ళ పేరు మీద దప్పిక తీర్చడం అది. శ్రీరామనవమికి చేసే పానకం, మొహర్రానికి చేసే పానకం మా ఇంట్లో ఒకటే కడవ, ఒకటే చెయ్యి.

ఇక్కడ ఒక మాట మీకు నేరుగా చెప్పాల సార్, ఏమీ అనుకోవద్దు. మొహర్రం రోజు పేపర్లలో లీడర్ల ఫోటోలతో "మొహర్రం శుభాకాంక్షలు" అని ప్రకటనలు వస్తా ఉంటాయి. ఆరోజు హుసేన్ చనిపోయిన రోజు. హైదరాబాద్‌లో ఆరోజు బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద పోతా ఉంటే షియాలు గుండెలు బాదుకుంటారు, ఒళ్ళంతా రక్తం చేసుకుంటారు. మా పల్లెల్లో పండగ అని పిలుస్తాం నిజమే, తప్పెట్లు కొడతారు, గుండం చుట్టూ ఆడతారు, తిరునాళ్ళలాగా అంగళ్ళు పెడతారు, కానీ లోపల దుఃఖం ఉందని మా పెద్దోళ్ళకి తెలుసు, అందుకే చివరి రోజు జలధికి, అంటే నీళ్ళకాడ సాగనంపేదానికి, పీర్లను తీసుకుపోయేటప్పుడు ముసలమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ఇంటి మనిషిని సాగనంపే ఏడుపు అది. అట్లాంటి రోజు శుభాకాంక్షలు అనే ప్రకటన ఎవరిచ్చినా ఆ మాట మార్చి వేయమని మీరు చెప్పొచ్చు కదా.

మలీద గురించి రాయకపోతే ఈ ఉత్తరమే దండగ. వేడివేడి రొట్టెలు చేసి, చల్లారకముందే తుంచి, రోట్లో దంచి, బెల్లం తురుము, నెయ్యి, ఎండు కొబ్బెర, గసగసాలు, యాలకుల పొడి కలిపి పిడిచి ముద్దలు చేసేదే మలీద. కొందరు పొడిగానే ఉంచుతారు. గోధుమలవి కొందరు చేస్తారు, మాకు పాతకాలంలో గోధుమలు ఎక్కడివి, సజ్జ రొట్టెలతో చేసేది మా అవ్వ, సజ్జ మలీదకి ఉన్న రుచి గోధుమ మలీదకి రాదని నేను ఎవరితోనైనా వాదిస్తా. తెలంగాణలో సద్దుల బతుకమ్మ రోజు కూడా మలీద ముద్దలు చేస్తారు కదా, మా చిన్నకోడలు వాళ్ళది ఆ పక్కే, పెళ్ళై వచ్చిన కొత్తలో పీర్లకి మలీద చేస్తున్నామంటే "అయ్యో అత్తా ఇది మా బతుకమ్మది కదా" అని ఆశ్చర్యపోయింది. గౌరమ్మకీ హుసేన్‌కీ ఒకే ముద్ద పెట్టే మనుషులం మనం. ముస్లిం ఇళ్ళల్లో చోంగెలు కూడా చేస్తారు, బెల్లం నీళ్ళతో గోధుమపిండి కలిపి, వత్తి, పైన గుర్తులు వేసి, నెయ్యిలోనో నూనెలోనో కాల్చేవి, అవి రెండు మూడు రోజులైనా మెత్తగా రుచిగా ఉంటాయి. పదో రోజు గోధుమలు, రకరకాల పప్పులు, మాంసం కలిపి ఖిచిడా ఉడకబెట్టి అందరికీ పెట్టే ఇళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ బేకరీల్లో ఈ నెలలో దమ్ కా రోట్ కోసం క్యూలు కడతారు, దాని గురించి పేపర్లు టీవీలు ప్రతి ఏడు చూపిస్తాయి. మా చోంగెల గురించి ఒక్కరు కూడా చూపించరు, అవి బేకరీలో దొరకవు కాబట్టేమో.

కందూరు ఇంకో పెద్ద సంగతి. బిడ్డ పుట్టినా, రోగం తగ్గినా, బోరులో నీళ్ళు పడినా స్వామికి పొట్టేలు ఇస్తామని మొక్కుకుంటారు. మొక్కు తీరినాక పొట్టేలుని తెచ్చి, ముజావర్ చేత హలాల్ చేయించి, అక్కడే పొయ్యి పెట్టి వండి, పాతెహా ఇప్పించి, చుట్టాలకీ, దారిన పోయేవాళ్ళకీ పెడతారు. ఇందులో పద్ధతి ఏంటంటే పిలవని మనిషి వచ్చి కూర్చున్నా లేపకూడదు. అన్నం పెట్టేటప్పుడు నువ్వెవరు అని అడగకూడదు. తెలంగాణలో జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర కూడా కందూర్లు ఇట్లే చేస్తారు, అక్కడా చేసేవాళ్ళలో సైదులు, సైదమ్మ అనే పేర్ల హిందువులే చానామంది. మాంసం తినని ఇళ్ళవాళ్ళు చక్కెర తెస్తారు, బెల్లం తెస్తారు, బియ్యం ఇస్తారు, కట్టెలు ఇస్తారు, గుండంలో ఉప్పు చల్లి మొక్కుకుంటారు, తినకపోయినా వాళ్ళ చెయ్యి కూడా అందులో పడుతుంది. నెల్లూరు రొట్టెల పండగ అందరికీ తెలుసు, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి ముక్కూ మొహం తెలీని వాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని కోరిక చెప్పి మరీ తీసుకుంటారు, కోరిక తీరినాక మళ్ళా వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అదీ మొహర్రం నెలలోనే. అంటే మన రాష్ట్రంలో ఈ నెల అంతా ఒకరు వండింది ఒకరు తినే నెల.

ఇంకో విశేషం, ఈ పండగ ఏడాదికి సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతా పోతాది, చంద్రుని లెక్క కాబట్టి. 2009లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, ఒకే ఏడు రెండుసార్లు వచ్చింది. 2016లో అక్టోబర్‌లో వచ్చింది, అప్పుడు చేన్లలో శెనక్కాయ పీకే కాలం, పచ్చి శెనక్కాయలు ఉడకబెట్టి చక్కెరతో పాటు పంచినాం. 1998, 99లో మంచి ఎండాకాలంలో వచ్చింది, అప్పుడు పానకం ఎన్ని కడవలు కలిపినా చాల్లేదు. ఇప్పుడు జూన్ జులైలో వస్తోంది, వాన పడితే విత్తనం వేసే టైము, ఒంటిపొద్దు పట్టిన మనిషి పగలంతా గొర్రు వెనక నడిచి సాయంత్రం ఒక్కపూట తింటాడు. మా జిల్లాలో వాన ఎంత పడుతుందో మీకు తెలియంది కాదు, రాజస్థాన్ ఎడారి జిల్లాలతో పోల్చి చెప్తారు మమ్మల్ని, ఆ విత్తనం పదును కోసం కూడా స్వామికి మొక్కుతారు. సంక్రాంతి అంటే ఎప్పుడూ కొత్త బియ్యమే, ఉగాది అంటే ఎప్పుడూ మామిడికాయే, పీర్ల పండగకి మాత్రం ఆ కాలంలో ఇంట్లో ఏది ఉంటే అది స్వామి ముందుకి వస్తుంది. ముప్పై మూడేళ్ళలో అన్ని కాలాల పంటా ఆయన ముందు పెట్టినట్టే.

ఇప్పుడేమవుతోంది అంటే, సావిడి బయట అంగట్లో చక్కెర, బొరుగులు, కొబ్బెర అన్నీ కలిపి ప్లాస్టిక్ కవర్లో కట్టి రెడీగా అమ్ముతున్నారు. కొనుక్కుని లోపలికి పోయి, చదివించి, బయటికి వచ్చి బైకెక్కి పోతారు. ఆ కవర్ ఇంటికి పోయి ఫ్రిజ్ మీద ఉండిపోతుంది, చీమలు పట్టినాక పారేస్తారు. దూరం నుంచి వచ్చినోళ్ళు కొనుక్కోకుండా ఎట్లా తెస్తారు, అంగడి పెట్టుకున్నోళ్ళకీ ఆ పది రోజులే నాలుగు డబ్బులు, వాళ్ళని నేను ఒక్క మాట అనను. కానీ ఊర్లో ఉన్నోళ్ళం కూడా అదే చేస్తే ఎట్లా? పానకం కడవలు ఉన్నచోట రంగునీళ్ళ డ్రింకులు వచ్చినాయి, పెద్ద టబ్బులో ఐసు ముక్కలేసి ఏదో పొడి కలిపి పోస్తారు, అదీ ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల్లో, 2022 జులై 1 నుంచి అట్లాంటి గ్లాసులు దేశమంతా నిషేధం అని మీ పేపర్లోనే చదివినా. పండగ అయిపోయిన మర్నాడు గుండం చుట్టుపక్కల చూస్తే గాలికి ఎగిరే కవర్లు, గ్లాసులే. గొర్రెలు ఆవులు అవి తింటున్నాయి. కందూరు కూడా కొందరు క్యాటరింగ్‌కి చెప్పేస్తున్నారు, ఇన్ని ప్లేట్లు అని లెక్క కట్టి, పిలిచినోళ్ళకే పెట్టి, మిగిలింది కట్టించుకుని పోతున్నారు. లెక్క కట్టినాక పిలవని మనిషికి చోటెక్కడ?

మలీద అయితే మా వీధిలో ఇప్పుడు మూడు నాలుగు ఇళ్ళల్లో మించి చేయడంలేదు. చేసేవాళ్ళంతా నా వయసు వాళ్ళు, ముజావర్ ఇంటి ఆడోళ్ళు, దూదేకుల ఇళ్ళ అవ్వలు. వాళ్ళ తర్వాత ఎవరు చేస్తారు? మా కోడళ్ళు మనవరాళ్ళు ఫోన్లో చూసి రకరకాల కేకులు చేస్తారు, ఎంత బాగా చేస్తారో, చెయ్యలేక కాదు వాళ్ళు మలీద చెయ్యనిది, ఇది కూడా నేర్చుకోదగ్గ వంట అని ఎవరూ చెప్పలేదు కాబట్టి. యూట్యూబ్‌లో వెతికితే రాయలసీమ వంటలు అంటే రాగి సంగటి నాటుకోడి, ఓళిగలు, ఉగ్గాని బజ్జీ అంతే, పీర్ల సావిడి వంట అనేదే లేనట్టు.

ఇంకొకటి చెప్పడానికి మనసు రాదు, అయినా చెప్తా. ఈమధ్య రెండు పక్కల్నుంచీ వాట్సాప్ మెసేజ్‌లు వస్తున్నాయి. పీర్లను మొక్కడం, గుండం తొక్కడం మన మతంలో లేదు, ఆ చదివింపులు తినొద్దు అని ముస్లిం పిల్లలకి కొందరు చెప్తున్నారు. వాళ్ళు చదివించింది మనం తినకూడదు అని హిందూ పిల్లలకి ఇంకొందరు చెప్తున్నారు. ఎవరి నమ్మకం వాళ్ళది, ఇష్టం లేనోళ్ళని మా ఊర్లో ఎప్పుడూ ఎవరూ బలవంతం చేయలేదు, సావిడికి రాని ముస్లిం ఇళ్ళు మొదట్నుంచీ ఉన్నాయి, వాళ్ళ మీద ఎవరికీ కోపం లేదు. కానీ ఇష్టంగా చెయ్యి చాపే పిల్లోని చెయ్యి వెనక్కి లాగడం మాత్రం నాకు చానా కష్టంగా ఉంది. నా చిన్నప్పుడు మా నాయనకి జరం వచ్చి నెల రోజులు మంచం పడితే మా ముజావర్ ఇంటి అవ్వ రోజూ గంజి కాచి తెచ్చేది, పీర్ల పండగకి మా అమ్మ మొదటి మలీద ముద్ద ఆమె చేతిలోనే పెట్టేది, ఈ రెండూ నేను చూసినా. ఇవి చూడని పిల్లలకి మెసేజ్ ఒక్కటే కనపడుతుంది. వాళ్ళకి ఇంకోటి కూడా కనపడాలి అంటే మీలాంటి వాళ్ళు రాయాల, మాలాంటి వాళ్ళు చేసి చూపించాల.

అందుకని నేను అడిగేది ఇది. వచ్చే మొహర్రానికి మీ జిల్లా పేజీలో పది రోజులూ రోజుకో చిన్న బాక్స్ పెట్టి, ఒక్కో ఊరి పీర్ల పండగ వంట గురించి రాయండి. రిపోర్టర్లు అగ్నిగుండం దగ్గరికి ఎట్లాగూ వస్తారు, ఒక గంట ముందు వచ్చి మా వంటింట్లో కూర్చోమనండి. ముజావర్ల ఇళ్ళల్లో మగవాళ్ళని కాదు, ఆడోళ్ళని అడగమనండి, చోంగెల మీద ఆ గుర్తులు ఎందుకు వేస్తారు, ఖిచిడాలో ఏ పప్పు ఎంత, పాతెహాకి ముందు రుచి ఎందుకు చూడరు, అన్నీ వాళ్ళకే తెలుసు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది, అక్కడ తెలుగు చదివే పిల్లలు తలా ఒక ఊరు తీసుకుని ఈ వంటలు, ఒంటిపొద్దు పద్ధతులు, చెప్పే కథలు రికార్డు చేస్తే అదే పెద్ద పుస్తకం అవుతుంది, వాళ్ళ సార్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే ఆలోచించమని కోరుతున్నా.

గూగూడులో ఏర్పాట్లు చూసే అధికారులకి కూడా ఒక మనవి. క్యూలైన్లు, బారికేడ్లు, పోలీసులు అన్నీ పెడతారు, మంచిదే. వాటితో పాటు కందూరు చేసుకునేవాళ్ళకి నీడ, కొళాయి నీళ్ళు, కట్టెల పొయ్యిలు పెట్టుకునే చోటు, మిగిలిన ఎముకలు ఆకులు వేసేదానికి గుంతలు ఇవి కూడా చూడండి. ఇప్పుడు ఎండలో రోడ్డు పక్కన వండుకుంటున్నారు, చంటిబిడ్డలతో వచ్చిన ఆడోళ్ళకి చానా ఇబ్బంది. పానకం స్టాల్స్ పెట్టే సంఘాలకి స్టీలు గ్లాసులే వాడాలని, కడిగేదానికి నీళ్ళ ట్యాంకర్ మేమిస్తామని చెప్పండి, పెట్టేవాళ్ళు కాదనరు. చక్కెర అమ్మే అంగళ్ళవాళ్ళకి ప్లాస్టిక్ కవర్ బదులు కాగితం పొట్లం కట్టమని చెప్తే వాళ్ళ బేరం ఏమీ తగ్గదు. మా చిన్నప్పుడు అంతా పొట్లాలే.

మా ఊరోళ్ళకి నేను విడిగా చెప్పుకుంటా గానీ, బెంగళూరు, హైదరాబాద్, అమెరికాలో ఉండే మా సీమ పిల్లలు మీ పేపర్ ఫోన్లో చదువుతారు కాబట్టి వాళ్ళకో మాట. పండగకి రాలేకపోతే ఫరవాలేదు, పదో రోజు ఇంట్లో పానకం కలిపి పక్క ఫ్లాట్ వాళ్ళకి ఇవ్వండి, ఎందుకని అడిగితే కథ చెప్పండి. మీ పేరు కుళ్ళాయప్ప అయితే ఆ కథ చెప్పేదానికి ఇంకా సులువు.

చివరగా మా ఇంటి సజ్జ మలీద కొలతలు రాస్తున్నా, ఉత్తరంలో మిగతాది తీసేసినా ఇది మాత్రం అచ్చు వేయండి. కిలో సజ్జపిండికి ముప్పావు కిలో బెల్లం, పావు కిలో నెయ్యి, ఒక ఎండు కొబ్బెర చిప్ప తురుము, నాలుగు చెంచాల గసగసాలు వేయించినవి, పది పన్నెండు యాలకులు. పిండిని మరిగే నీళ్ళతో కలపాల, చల్లనీళ్ళతో కలిపితే రొట్టె విరుగుతాది. రొట్టెలు మరీ మందం వద్దు, పెనం మీద నూనె వెయ్యొద్దు. కాలిన రొట్టె కాలినట్టే తుంచి బట్ట కింద కప్పి ఉంచి, అన్నీ అయినాక రోట్లో కచ్చాపచ్చాగా దంచాల, మిక్సీలో వేస్తే పిండి అయిపోతాది, రోలు లేకపోతే చేత్తో నలపండి. వేడి ఉండగానే బెల్లం కలిపితే అదే కరిగి పట్టుకుంటాది, ఆ తర్వాత నెయ్యి, మిగతావన్నీ. ముద్దలు చేసినాక పాతెహా అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. ఇరవై ఇళ్ళకి వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నార్పల మండలం, అనంతపురం జిల్లా